అత్తమ్మ అడిగిన పిస్తోలు

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి మా అత్తమ్మ నన్ను నోరు తెరిచి అడిగినవి చాలా తక్కువ. బజారు నుంచి వచ్చేటప్పుడు తమలపాకులు తెమ్మనేది. కీళ్లనొప్పుల నూనె అయిపోతే ఖాళీ సీసా నా సంచి పక్కన పెట్టి ఊరుకునేది. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున, నేను దుకాణానికి బయలుదేరుతుంటే కొంగు పట్టుకుని ఆపింది.

"బిడ్డా, నాకొక పిస్తోలు కొనియ్యి" అంది.

నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాను.

ఆ మాట ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా ఇల్లు రాయచూరు ఊరి చివర, యాపలదిన్నికి పోయే దారిలో ఉంది. మామగారు నడిపిన వేరుశనగ నూనె మిల్లు ఆవరణలోనే ఇల్లు కట్టుకున్నారు. మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. యంత్రాలు అమ్మేశాం. రేకుల షెడ్డు, కాటా గది, చుట్టూ గోడ మిగిలాయి. నేనూ మా ఆయనా బజారులో విత్తనాల దుకాణం చూసుకుంటాం. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు గానీ ఇల్లు చేరం. పగలంతా ఇంట్లో అత్తమ్మ ఒక్కతే. అయినా ఆవిడకు ఒంటరిగా ఉన్నానన్న బెంగ ఉండేది కాదు. ముందు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే దారిన పోయే వాళ్లంతా ఆవిడ మనుషులే. కూరగాయల బండి ఆయనతో కన్నడంలో బేరం, పాత ఇనుము కొనే సాయిబుతో ఉర్దూలో యోగక్షేమాలు, యాపలదిన్ని నుంచి పాలు తెచ్చే ఆమెతో తెలుగులో తగాదా. సాయంత్రం నేను రాగానే ఆ రోజు దారిలో ఎవరెవరు పోయారో, ఎవరి ఆవు ఈనిందో అన్నీ చెప్పేది.

మాకు పిల్లలు లేరు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ మాట నా దగ్గర ఒక్కసారీ ఎత్తలేదు. చుట్టాల్లో ఎవరైనా ఎత్తబోతే, "మా ఇంట్ల మేం నిమ్మళంగనే ఉన్నం, మీకేం తక్కువైంది?" అని నోరు మూయించేది. ఆ ఒక్క సంగతికే నేను ఆవిడకు ఏం చేసినా తక్కువే అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వచ్చి కరెంటు మీటరు చూడాలన్నారు. ఎండలో వచ్చారు కదా అని అత్తమ్మ లోపలికి రమ్మని కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. ఒకడు నీళ్లు తాగుతుండగా రెండోవాడు తలుపు గడియ వేశాడు. మెడలో గొలుసు తెంపారు. చేతుల గాజులు ఎన్నో ఏళ్ల నాటివి, మణికట్టు దాటి రాలేదు. సబ్బు రుద్ది లాగారు. గాజులతో పాటు చర్మం లేచిపోయింది. ఆవిణ్ణి సామాన్ల గదిలోకి తోసి, బయట గొళ్లెం పెట్టి పోయారు.

మా వెనక గోడ అవతల కూలివాళ్ల గుడిసెలు ఉన్నాయి. అక్కడి నుంచి ఒక ఆమె రోజూ సాయంత్రం మా ఇంటికి అంట్లు తోమడానికి వస్తుంది. పగలు జిన్నింగు మిల్లులో పత్తి పని చేస్తుంది. మట్మారి దగ్గర పుట్టిల్లు. ఆ రోజు ఆమె వచ్చి, తెరిచి ఉన్న తలుపు చూసి, పిలిచి, లోపల నుంచి వస్తున్న చిన్న మూలుగు విని గొళ్లెం తీసింది. మాకు ఫోను చేసింది కూడా ఆమే.

నేను వచ్చేసరికి అత్తమ్మ ఊరగాయ జాడీల మధ్య కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది, ఎవరివో చేతులు తనకు దాచమని ఇచ్చినట్టు. నన్ను చూసి ఏడవలేదు.

"నీళ్లిచ్చిన బిడ్డా వానికి. సల్లటి నీళ్లు" అంది.

డాక్టరు దగ్గరా అదే మాట, పోలీసులొస్తే వాళ్లతోనూ అదే మాట. దెబ్బకంటే ఆవిణ్ణి కోసింది అదే అని నాకు అర్థమయింది.

దొంగలు దొరకలేదు. గాయాలు మానాయి. మణికట్ల చుట్టూ తెల్లటి చారలు మిగిలాయి. కానీ ముందు వసారాలో కుర్చీ ఖాళీ అయింది. అత్తమ్మ తలుపులు మూసుకుని లోపలి గదిలో కూర్చోవడం మొదలుపెట్టింది. పాలామె పిలిస్తే కిటికీ రెక్క కొంచెం తెరిచి గిన్నె బయటికి చాచేది. మా ఆయన పగలు ఇంటి దగ్గర ఒక మనిషిని కాపలా పెడితే, ఆ కాపలా మనిషికి భయపడి ఇంకో గడియ వేసుకుంది. అతన్ని మాన్పించేశాం. సాయంత్రం నేను వచ్చి, "ఇయ్యాల ఎవరెవరు పోయిన్రు అత్తమ్మా?" అని అడిగితే, "నేను చూడలేదు" అనేది.

అలా కొన్ని నెలలు గడిచాక అడిగిన మాట అది, పిస్తోలు కొనియ్యమని.

"ఎవర్ని చంపుతవ్ అత్తమ్మా?" అన్నాను నెమ్మదిగా.

"సంపనీకి గాదు. ఒళ్లె పెట్టుకుంట. అది ఉంటే వసారల కూసుంట" అంది.

ఆవిడకు తుపాకీ కొత్త కాదు. మామగారికి రెండు గొట్టాల తుపాకీ ఉండేది. కల్లూరు దగ్గర చేను ఉన్న రోజుల్లో అడవిపందులను బెదరగొట్టడానికి పట్టుకుపోయేవారట. దాన్ని తుడిచి నూనె పెట్టే పని అత్తమ్మది. ఆయన పోయాక దాన్ని పోలీసులకు అప్పగించేశాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో చెప్పాను. ఆయన మెత్తటి మనిషి. దీపావళికి టపాకాయల డబ్బా కూడా నా చేతికిచ్చి దూరంగా నిలబడతారు.

"తుపాకి మనకు కావలి ఉండదమ్మా. దానికే మనం కావలి ఉండాలె" అన్నారు వాళ్లమ్మతో.

అత్తమ్మ కంచంలోంచి తలెత్తలేదు. "నువ్వు పొద్దుగూకులు దుకాణంల ఉంటవ్. నాకు నా ఇంట్ల భయమైతున్నది రా" అంది. అంత పెద్ద మనిషి, కొడుకు ముందు అలా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనా చూసి ఉండరు. చేయి కడుక్కుని వచ్చి, "ఏం గావాలెనో ఏమో కనుక్కో" అన్నారు నాతో.

కనుక్కుంటే తేలింది, అది తమలపాకులు కొన్నంత సులువు కాదని. లైసెన్సు కావాలి. అత్తమ్మ వయసుకు, కంటిచూపుకు ఆవిడ పేరున ఇవ్వరు. నా పేరున అడగాలి. జిల్లాధికారి కచేరీకి తిరగాలి. పోలీసులు ఇంటికి వచ్చి విచారిస్తారు. అంతకుముందు తుపాకీ పట్టడం నేర్చుకుని ఉండాలి. విచారణకు వచ్చిన అధికారి మంచివాడే. "గండసర హెసరల్లి హాకబహుదిత్తల్లా అమ్మా?" అన్నాడు, మగవాళ్ల పేరున వేసుకోవచ్చు కదా అని. నేను జవాబు చెప్పేలోపు అత్తమ్మ గది గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులూ ముందుకు చాపి ఆయనకు చూపించింది. ఆయన కాగితం మీద నా పేరే రాసుకున్నాడు.

పోలీసు మైదానంలో సామాన్య జనానికి తుపాకీ నేర్పే తరగతులు పెడతారని తెలిసి చేరాను. తెల్లవారగానే పోవాలి. అత్తమ్మను ఒంటరిగా వదలలేక వెంట తీసుకుపోయేదాన్ని. ఆవిడ ఒక బల్ల మీద శాలువా కప్పుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చునేది. ఇల్లు దాటి బయటికి రావడం అదే మళ్లీ మొదలు.

నేర్పేవాడు కన్నడం మాట్లాడే హెడ్ కానిస్టేబులు. మొదట తుపాకీ ముట్టనివ్వలేదు. అది ఖాళీగా ఉందని తెలిసినా నిండుగా ఉన్నట్టే పట్టుకోవాలని, కాల్చదలచుకోని వైపు గొట్టం తిప్పకూడదని, గురి కుదిరేదాకా వేలు మీట మీద పెట్టకూడదని చెప్పిందే చెప్పాడు. తర్వాత గోనెసంచీ మీద బోర్లా పడుకోబెట్టి రైఫిల్ ఇచ్చాడు. "ఉసిరు హిడ్కొళ్ళి, అమ్మా" అన్నాడు. ఊపిరి బిగబట్టాను. బిగబట్టిన ఆ క్షణంలో దుకాణం లేదు, ఉగ్గబట్టుకున్న భయం లేదు, ఎదురుగా ఉన్న నల్ల చుక్క తప్ప లోకంలో ఏమీ లేదు. మీట నొక్కాను. భుజానికి దెబ్బ తగిలింది. చెవులు గింగురుమన్నాయి. కాగితం మీద ఎక్కడో అంచున చిల్లు పడింది.

నిజం చెప్పాలంటే నాకు చాలా ఇష్టమయింది. ఇంటి కోసం నేర్చుకోవడానికి వచ్చి, దాని కోసమే రావడం మొదలుపెట్టాను. లేచి వెనక్కి తిరిగి చూస్తే అత్తమ్మ బల్ల మీద ముందుకు వంగి, చూపుడు వేలితో గాలిలో చుక్క చూపిస్తూ ఉండేది, ఎడమ పక్కకు పోతున్నది, సరిచేసుకో అని.

లైసెన్సు వచ్చాక కొనడానికి బెంగళూరు పోయాం. మా ఆయన దుకాణం వదలలేరు గనుక మేమిద్దరమే. రైలు దిగి, బంధువుల ఇంట్లో స్నానాలు చేసి, అత్తమ్మ మంచి చీర కట్టుకుంది. గుడికి పోతున్నట్టు తయారైంది.

తుపాకుల దుకాణం నేను అనుకున్నట్టు లేదు. గడియారాలు బాగుచేసే అంగడిలా చిన్నగా, నూనె వాసనతో, నిశ్శబ్దంగా ఉంది. గల్లా దగ్గర తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన. నా లైసెన్సు చూసి, మా ఇద్దరినీ చూసి, "కిస్ కే హాత్ కే వాస్తే, అమ్మా?" అన్నాడు. ఎవరి చేతి కోసం అని.

"దోనోఁ కే" అంది అత్తమ్మ, ఇద్దరికీ అని. ఆయన ఉర్దూ విని ఆవిడ మొహం వికసించింది. ఇనుము కొనే సాయిబుతో మాట్లాడి ఎన్నాళ్లయిందో.

ఆయన ముందుగా ఒక పిస్తోలు తీసి, ఖాళీగా ఉందని నాకు చూపించి, బనాతు గుడ్డ మీద పెట్టాడు. పైభాగం వెనక్కి లాగి వదిలితే గుండు గొట్టంలోకి ఎక్కుతుందన్నాడు. నేను లాగితే కష్టం మీద వచ్చింది. అత్తమ్మ లాగబోయింది. కీళ్లు వాచిన ఆ వేళ్లకు పట్టు దొరకలేదు. పళ్లు బిగించి మళ్లీ ప్రయత్నించింది. చీర చెంగు చుట్టుకుని లాగింది. అది కదల్లేదు. పెద్దమనిషి తొందరపెట్టలేదు, జాలిగానూ చూడలేదు. పిస్తోలులో ఇంకో చిక్కు ఉందని చెప్పాడు. గుండ్ల పెట్టె ఊడదీసినా గొట్టంలో ఒకటి మిగిలి ఉండొచ్చు. అలవాటు లేని ఇంట్లో ఆ ఒక్కదానితోనే ప్రమాదం. రివాల్వర్ అయితే గుండ్ల చక్రం పక్కకు తెరవగానే ఉన్నదీ లేనిదీ కంటికి కనిపిస్తుంది.

అప్పుడు రెండు రివాల్వర్లు పెట్టాడు. ఒకటి చిన్నది, చేతిసంచీలో పట్టేది, చాలా తేలిక. నాకు అదే నచ్చింది. ఆడవాళ్లు చాలామంది అదే అడుగుతారని ఆయన అన్నాడు.

"తేలిగ్గ ఉన్నది గద, ఇదే తీసుకుందమా?" అన్నాను అత్తమ్మతో.

పెద్దమనిషి తల ఊపలేదు. బరువు తక్కువైతే పేలినప్పుడు చెయ్యి ఎక్కువ ఎగురుతుంది, గొట్టం పొట్టిదైతే గురి నిలవదు అన్నాడు. "సంచీలో పెట్టుకుని తిరగడానికా, ఇంట్లో ఉంచి ఆదివారాలు మైదానంలో కాల్చుకోవడానికా?" అని అడిగాడు. రెండోదే అన్నాను. పొడుగు గొట్టం ఉన్న బరువైన రివాల్వర్ నా చేతిలో పెట్టాడు. దాని పిడి నా అరచేతిలో సరిగ్గా ఇమిడింది. చెయ్యి చాచి కాసేపు నిలబడమన్నాడు. నా చెయ్యి వణకలేదు.

అత్తమ్మ కూడా అందుకుంది. ఎత్తగలిగింది గానీ మీట వేలికి లొంగలేదు. రెండు చేతుల వేళ్లూ పెట్టి నొక్కింది. నొక్కుతుంటే కప్పుకున్న కొంగు జారి మణికట్లు కనిపించాయి. పెద్దమనిషి ఆ తెల్లటి చారలు చూశాడు. ఏమైందని అడగలేదు.

"ఇదెక్కడ పెడతారు ఇంట్లో?" అని అడిగాడు తర్వాత.

"ఇనుప పెట్టెల. గుండ్లు వేరే" అన్నాను. మైదానంలో నేర్పినదే.

"తాళం?"

"నా దగ్గర."

ఆయన అత్తమ్మ వైపు తిరిగి, అక్కను అడిగినట్టు అడిగాడు. "ఆపా, దొంగ వచ్చి మంచినీళ్లు అడిగితే, కోడలు బజారులో ఉంటే, పెట్టె ఎవరు తెరుస్తారు?"

ఆయనకు నీళ్ల సంగతి మేం చెప్పలేదు. ఊరికే నోటికి వచ్చిన మాట. కానీ అత్తమ్మ రివాల్వర్ని గుడ్డ మీద మెల్లగా దించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. జరిగిన నాటి నుంచి ఆవిడ కళ్లలో నీళ్లు చూడటం అదే మొదటిసారి. తనకు జరిగిందంతా ఆయనకు ఉర్దూలో చెప్పింది. గుక్క తిప్పుకోకుండా, మొదటి నుంచి చివరిదాకా. నాకు తెలియనివి కూడా ఉన్నాయి అందులో. సామాన్ల గదిలో చీకట్లో కూర్చుని, నేను ఎక్కడ ముందుగా వచ్చి వాళ్ల చేతికి చిక్కుతానో అని, కోడలు ఈ రోజు ఆలస్యంగా రావాలని దేవుణ్ణి వేడుకుందట. నేను ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. పెద్దమనిషి లోపలి నుంచి చాయ్ తెప్పించాడు.

చాయ్ తాగాక ఆయన వెనక అలమారు తెరిచి, ఇంకో రకం పిస్తోలు తెచ్చాడు. గాలితో సీసపు గుండు విసిరేది. పోటీలకు సాధన చేసే పిల్లలు కొనేది. దానికి లైసెన్సు అక్కర్లేదు. దాని మీట వెన్నలా ఉంది. అత్తమ్మ వేలు ముట్టగానే టిక్కుమంది.

"దీనితో దొంగ పడడు ఆపా. కానీ రోజూ ఆడుకోవచ్చు" అన్నాడు.

అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గోడ మీద క్యాలెండరులో ఒక తేదీకి గురిపెట్టింది. "ఇది నాది, అది నీది" అంది నాతో.

రైలులో నేను రివాల్వర్ పెట్టెను కాళ్ల మధ్య పెట్టుకుని భయం భయంగా కూర్చుంటే, ఆవిడ తన డబ్బాను ఒళ్లో పెట్టుకుని గుంతకల్లు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ వచ్చింది.

మిల్లు షెడ్డులో, ఒకప్పుడు వేరుశనగ రాశులు పోసిన చోట, మా ఆయన గోడకు చెక్కపలక కొట్టి, వెనక ఇసుక సంచులు పేర్చి పెట్టారు. తుపాకులంటే పడని మనిషే. కొలతలు తానే తీసుకుని, కాగితం మీద నల్ల గుండ్రాలు తానే దిద్దారు. రివాల్వర్ మాత్రం మైదానంలోనే, అనుమతి ఉన్న రోజునే. షెడ్డులో గాలి పిస్తోలు. ఆదివారం పొద్దున అత్తమ్మ స్నానం చేసి, కళ్లజోడు తుడుచుకుని వచ్చేది. నేను పిస్తోలులో గాలి బిగించి ఇస్తే ఆవిడ కాల్చేది. మొదట గోడకు, తర్వాత పలకకు, ఆ తర్వాత కాగితానికి. మొదటిసారి నల్ల గుండ్రంలో పడినప్పుడు పిస్తోలు బల్ల మీద పెట్టి, రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వింది. పనికి వచ్చే ఆమె కూడా చంటిబిడ్డను చంకనేసుకుని తలుపు దగ్గర నిలబడి చూసేది. "అవ్వ కొట్టింది సూడు!" అని బిడ్డకు చూపించేది.

వసారాలోకి మాత్రం అత్తమ్మ ఇంకా రాలేదు.

చలికాలంలో మా ఆయన విత్తనాల పని మీద సింధనూరు పోయిన రోజు జరిగింది ఇది. తూరుపు అప్పుడప్పుడే తెలుపెక్కుతోంది. వెనక గోడ వైపు రేకులు పడిన చప్పుడు అయింది. తర్వాత ఎవరో దూకిన చప్పుడు. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. పక్క మంచం మీద అత్తమ్మ కూడా లేచింది.

ఇనుప పెట్టె తెరిచాను. చక్రం తెరిచి గుండ్లు పెడుతుంటే ఒకటి జారి మంచం కిందికి దొర్లిపోయింది. వెనక తలుపు పక్క కిటికీలోంచి చూశాను. పెరట్లో ఒక ఆకారం, వీపు మీద మూట లాంటిది, వంగి వంగి మా తలుపు వైపే వస్తోంది. నేను రెండు చేతులతో రివాల్వర్ ఎత్తాను. నేర్చుకున్నదంతా ఎటు పోయిందో. వేలు మీట పక్కన ఉందో, మీద ఉందో నాకు తెలియలేదు.

నా మణికట్టు మీద ఒక చల్లటి చెయ్యి పడింది. మెల్లగా కిందికి నొక్కింది.

"ముందు పిలువు బిడ్డా" అంది అత్తమ్మ చెవిలో. "ఎవరో అడుగు."

నేను తేరుకునేలోపు ఆవిడే కిటికీ రెక్క బార్లా తెరిచి, వీధి వీధంతా వినపడేలా అరిచింది.

"ఎవ్వరది?"

"నేనమ్మా... నేనే... తలుపు తియ్యి..."

అంట్లు తోమడానికి వచ్చే ఆమె. వీపున ఉన్నది మూట కాదు, చీరతో కట్టుకున్న బిడ్డ.

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. చక్రం తెరిచి గుండ్లు ఒక్కొక్కటే ఒళ్లోకి దులిపాను. మంచం కిందిది వెతికి తీసి, అన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఈలోగా అత్తమ్మ తలుపు తీసి ఆమెను లోపలికి లాక్కుంది. నొసలు చిట్లి రక్తం కారుతోంది. మొగుడు రాత్రి నుంచి తాగి కొడుతున్నాడట. బిడ్డను గోడకేసి కొడతానంటే గోడ ఎక్కి దూకింది. గోడ మీది గాజు పెంకులు గుచ్చుకుని అరికాళ్లు కోసుకుపోయాయి. అత్తమ్మ ఆమెను పీట మీద కూర్చోబెట్టి, పసుపు అద్ది, తన పాత చీర చింపి కట్టింది. నేను చాయ్ పెట్టాను.

కాసేపటికి ముందు గేటు దగ్గర వాడి కేకలు మొదలయ్యాయి. గేటును తంతున్నాడు. అత్తమ్మ లేచింది. నేను ఇనుప పెట్టె వైపు చూశాను. ఆవిడ నా చూపు పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"పోలీసులకు ఫోను జెయ్యి" అని చెప్పి, ముందు తలుపు గడియలన్నీ ఒక్కొక్కటిగా తీసింది. పగటి పూట కూడా తీయని గడియలు. వసారా మెట్లు దిగి గేటు దాకా నడిచింది. నేను ఫోను చెవిన పెట్టుకుని వెనకే పరుగెత్తాను.

"నీ పెండ్లాం మా ఇంట్ల ఉన్నది" అంది గేటు కడ్డీల్లోంచి. "చాయ్ తాగుతున్నది. నువ్వు తాగింది దిగినంక రా, అప్పుడు మాట్లాడుదం."

"మొగుడు పెండ్లాల నడుమ నువ్వెవరే ముసల్దానా?"

"ఆమె నన్ను గొళ్లెం తీసి బయటికి తెచ్చింది. ఇప్పుడు నా వంతు."

వాడు ఇంకా ఏదేదో అన్నాడు. పాలామె బండి ఆపింది. గుడిసెల వాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. అందరూ చూస్తుంటే వాడి గొంతు తగ్గింది. గేటు పట్టుకుని అక్కడే చతికిలబడి ఏడవడం మొదలుపెట్టాడు. పోలీసులు వచ్చి తీసుకుపోయేదాకా అత్తమ్మ అక్కడి నుంచి కదల్లేదు. శాలువా కూడా లేదు ఒంటి మీద. నేను తెచ్చి కప్పాను.

లోపలికి వచ్చాక నేను ఆవిడ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. "బిడ్డ ఉన్నది అత్తమ్మా వీపు మీద. నా వేలు..." అని అంతకంటే చెప్పలేకపోయాను.

"కాల్చలేదు గద" అంది నా జుట్టు సవరిస్తూ. "కాల్చలేదు. ఊకో."

అంట్లు తోమే ఆమె కొన్నాళ్లు మట్మారిలో అక్క దగ్గర ఉండి వచ్చింది. మళ్లీ గుడిసెకు పోలేదు. మా కాటా గదికి సున్నం కొట్టించి, వంటకు అరుగు కట్టించి ఇచ్చాం. బిడ్డకు ఇప్పుడు నడక వచ్చింది. వెనక గోడ మీద దీపం పెట్టించాం. కాటా గది నుంచి మా ఇంటికి ఒక బెల్లు లాగించాం. అటు నొక్కితే ఇటు మోగుతుంది, ఇటు నొక్కితే అటు.

మా ఆయన రివాల్వర్ అమ్మేద్దామన్నారు. చాలా రోజులు ఆలోచించాను. అమ్మలేదు. మైదానంలో ఊపిరి బిగబట్టి నిలబడే ఆ క్షణం నాకు ఇష్టం, దాన్ని వదులుకోవాలనిపించలేదు. కానీ గుండ్లు ఇంట్లో ఉంచడం మానేశాను. బ్యాంకు లాకరులో పెట్టి, మైదానానికి పోయే రోజు తెచ్చుకుంటాను. తెలిసినవాళ్లు ఎవరైనా ఇంటికి తుపాకీ కొనుక్కోవాలని సలహా అడిగితే, ఏది బరువు, ఏది తేలిక, ఏ మీట గట్టిది అన్నీ చెబుతాను. తర్వాత ఆ పొద్దుటి సంగతి కూడా చెబుతాను. విని కొనుక్కున్నవాళ్లు ఉన్నారు, మానుకున్నవాళ్లు ఉన్నారు.

గేటు దగ్గర నిలబడిన ఆ రోజు నుంచి అత్తమ్మ మళ్లీ వసారాలో కూర్చుంటోంది. ఒళ్లో ఏ పిస్తోలూ లేదు. ఎక్కువగా ఆ బిడ్డ ఉంటుంది. మీటరు చూడాలని ఎవరైనా వస్తే, ముందు గుర్తింపు కార్డు గేటు బయటి నుంచే చూపించమంటుంది. తర్వాత నీళ్లు ఇస్తుంది. ఇవ్వడం మాత్రం మానలేదు.

ఈ ఏడు ఆవిడ భుజం పట్టేసింది. పిస్తోలు ఎత్తితే చెయ్యి పక్కకు వాలిపోతుంది. మొన్న ఆదివారం ఇక చాలు అంటుందేమో అనుకున్నాను. అనలేదు.

"మోచెయ్యి కింద జెర నీ చెయ్యి పెట్టు" అంది.

ఆవిడ వెనక నిలబడి, మోచేతి కింద నా అరచెయ్యి ఆనించాను. ఎముక తేలిన ఆ చెయ్యి బరువు ఎంతో లేదు. ఇద్దరం కలిసి ఊపిరి బిగబట్టాం. టిక్కుమంది.

"పడ్డదా?" అంది. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది.

"పడ్డది అత్తమ్మా" అన్నాను.

నిజంగానే పడింది, నల్ల గుండ్రం అంచు మీద.